తంగేడు గింజలు మొలవట్లేదు, మొండి గింజల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

మిద్దెతోట_ఉప్పల్:
అందరికీ నమస్తే. సంక్రాంతి తర్వాత ఊరెళ్లినప్పుడు చెలక గట్ల మీద ఎండిన తంగేడు కాయలు కనిపిస్తే సంచి నిండా తెంపుకొచ్చాను. ఎండలు తగ్గాక వేద్దామని ఆగి, మృగశిర కార్తె రాగానే కుండీల్లో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి విత్తాను. పక్కనే వేసిన బంతి, గునుగు, జీనియా మొలిచి నాలుగాకుల మీదికి వచ్చేశాయి. తంగేడు మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. మట్టి తీసి చూస్తే గింజ వేసింది వేసినట్టే ఉంది, కుళ్లలేదు, కనీసం ఉబ్బలేదు కూడా. మా పక్కింటావిడ అది అడవి మొక్క, ఇళ్లల్లో రాదు అంటోంది. బతుకమ్మ వస్తే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి తంగేడు కట్టలు బేరమాడి కొనుక్కోవాల్సి వస్తోంది. రాష్ట్ర పుష్పం అని పేరు పెట్టుకున్నాం గానీ నగరం చుట్టూ ప్లాట్లు పడ్డాక గట్లేవి, తంగేడేది? అందుకే మిద్దె మీద రెండు డ్రమ్ముల్లోనైనా పెంచాలని పట్టుదల. ఏం చెయ్యమంటారు?

చెలకగట్టు:
అక్కా, ఉబ్బలేదు అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మీ గింజ చావలేదు, దానికి ఇంకా నీళ్లే అందలేదు. తంగేడు కూడా రేల, తుమ్మ, చింత లాంటి కాయజాతే. పైతొక్క నీటిని లోపలికి పోనివ్వదు. చెలకల్లో దానంతట అది ఎట్లా మొలుస్తుందంటే, కాయ పగిలి గింజ నేల మీద పడి వేసవంతా పగలు మాడుతుంది, రాత్రి చల్లబడుతుంది, అట్లా అట్లా తొక్క ఎక్కడో ఒకచోట బీటిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక గింజ తొక్క ఓ లెక్కా. అయినా అన్నీ ఒకేసారి పగలవు, కొన్ని ఈ వానలకి లేస్తాయి, కొన్ని వచ్చే ఏటికి ఆగుతాయి. తొలకరికి అన్నీ మొలిచి ఆ తర్వాత వాన ముఖం చాటేస్తే వంశమే పోతుంది కదా, దాని జాగ్రత్త దానిది. మీరేమో కాయలు తెచ్చి నీడపట్టున డబ్బాలో దాచారు, ఎండ దెబ్బ తగల్లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. గింజను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే ఒక కొస సన్నగా ఉంటుంది. కాయకు అతుక్కున్న బొడ్డు అటే ఉంటుంది, మొలక వేరు వచ్చేదీ అటు నుంచే, కాబట్టి దాని జోలికి పోవద్దు. వెడల్పుగా ఉన్న కొసన నెయిల్ కట్టర్‌తో పైతొక్క మాత్రం చిటుక్కున తీయండి. లోపలి లేత రంగు కనిపిస్తే చాలు, ఇంకా లోతుకు పోవద్దు. రాత్రి మామూలు నీళ్లలో వేస్తే పొద్దున్నకి గింజ రెండింతలవుతుంది, తొక్క ముడతలు పడి మెత్తగా, పట్టుకుంటే జారిపోయేలా అవుతుంది. గిన్నె కదిపి చూడండి, ఉబ్బనివి స్టీలు గిన్నెలో టకటకమంటాయి, ఉబ్బినవి చప్పుడు చెయ్యవు.

పూలపిచ్చి:
సంచెడు గింజలు నెయిల్ కట్టర్‌తోనా? చివరికి గోళ్లు మిగులుతాయా 😄

నర్సరీ_కడియం:
సంచెడు ఉంటే ఒక్కోటి గిల్లడం అయ్యే పని కాదండి. మా వైపు రేల, సుబాబుల్ లాంటి గట్టి గింజలు ఎక్కువ మొత్తంలో వేసేటప్పుడు వేడినీళ్లే వాడతాం. నీళ్లు బాగా మరగనిచ్చి, పొయ్యి మీంచి దించి, బుడగలు ఆగి ఒకటి రెండు నిమిషాలు అయ్యాక గింజల మీద పొయ్యాలి. గింజలు ఎన్నుంటే నీళ్లు వాటికి నాలుగైదు రెట్లు ఉండాలండి, తక్కువ పోస్తే గింజ తగలగానే చల్లారిపోతాయి. పోసి వదిలెయ్యండి. తెల్లారాక ఉబ్బినవి ఏరి విత్తెయ్యండి, ఉబ్బనివాటికి ఇంకోసారి అదే పని. కొంతమంది పొయ్యి మీద ఉండగానే గింజలు వేసి మరిగిస్తారు, అది విత్తనం సిద్ధం చేయడం కాదండి, పప్పు వండుకోవడం.

ఇంకో మాట, అన్నిటికంటే ముందు పుచ్చులు ఏరండి. ఎండు కాయ మీద గుండుసూది తల అంత గుండ్రటి బెజ్జాలు కనబడితే లోపల పురుగు గింజ తినేసి బయటికి పోయినట్టే. కాయ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒలిస్తే డొల్ల. అలాంటివి నీళ్లలో తేలతాయి, తీసి పారెయ్యండి.

ల్యాబ్_కోటు:
ఇద్దరు చెప్పిందీ సరైనదే. డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంటాను కాబట్టి ఇంకొంచెం కలుపుతాను. ఈ గింజల తొక్కలో కణాలు నిలువుగా, సందు లేకుండా పేర్చి ఉంటాయి, నీటిని ఆపేది ఆ వరుసే. బొడ్డు దగ్గర్లో ఒక బలహీనమైన చోటు ఉంటుంది, వేడి తగిలితే అది తెరుచుకుని నీళ్లు అక్కడి నుంచి దూరతాయి. వేడి చాలకపోతే తెరుచుకోదు, ఎక్కువసేపు ఉంటే లోపలి మొలకే చస్తుంది. అందుకని గింజలు కొన్నే ఉన్నవాళ్లు నెయిల్ కట్టర్‌ దగ్గరే ఆగండి. శంఖుపుష్పానికీ ఇదే వైద్యం. మెట్టతామర గింజ నల్లగా నున్నగా ఉండి కట్టర్ జారిపోతుంది, దాన్ని వడ్రంగులు వాడే ఉప్పు కాగితం మీద రుద్దండి. గురివింద మాత్రం ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు పెట్టుకోవద్దు. తొక్క చెదరని గింజ పొరపాటున మింగినా చాలాసార్లు అట్లాగే బయటికి వచ్చేస్తుంది, గీరిన గింజ అలా కాదు, లోపలి అబ్రిన్ ప్రాణం తీసే విషం.

అయితే మొలవని ప్రతి గింజకీ ఇదే మందు అనుకోవద్దు. ముందు తవ్వి గింజను చూడండి. ఉబ్బకుండా గట్టిగా ఉంటే తొక్క సమస్య. ఉబ్బి, కుళ్లకుండా ఊరికే కూర్చుని ఉంటే చలో వెలుతురో ఇంకేదో అడుగుతోందని అర్థం. నొక్కగానే చితికి కంపు కొడితే అది పోయిన గింజ, దానికి ఏ చిట్కా పనిచేయదు. ఇది చూడకుండా వీడియోల్లో కనిపించిన ప్రయోగాలన్నీ ఒకే ప్యాకెట్ మీద చేస్తుంటారు జనం, అక్కడొస్తుంది తంటా.

కుర్రతోటమాలి:
సార్, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచితే గట్టి గింజలు బ్రహ్మాండంగా మొలుస్తాయని చదివా. ఇంట్లో బాత్రూమ్ కడిగే యాసిడ్ ఉంది, అది వెయ్యొచ్చా?

ల్యాబ్_కోటు:
వద్దు తమ్ముడూ. బాత్రూమ్‌కి వాడే యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్, అది ఈ పనికి రాదు. అటవీ నర్సరీల్లో వాడేది గాఢ సల్ఫ్యూరిక్. దానికి గ్లవ్స్, కళ్లద్దాలు, కడగడానికి ధారాళంగా నీళ్లు, పక్కన పని తెలిసిన మనిషి ఉండాలి. అందులో కాసిన్ని నీళ్లు పడినా సలసలా కాగి మొహం మీదికి చిమ్ముతుంది. కుండీలో ఒక మొక్క కోసం కళ్లు పణంగా పెడతారా ఎవరైనా?

చెలకగట్టు:
నెయిల్ కట్టర్ ఉండగా యాసిడ్ ఎందుకురా నాయనా.

పూలపిచ్చి:
మరి ఫ్రిజ్ సంగతి? ఓ వీడియోలో అన్ని గింజలూ తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. నా దగ్గర శంఖుపుష్పం, అడీనియం, లావెండర్ ఉన్నాయి, మూడూ పెడదామంటే మా అత్తగారు కూరగాయల ట్రేలో జానెడు చోటు కూడా ఇవ్వనంటున్నారు.

చలిదేశం_న్యూజెర్సీ:
పూలపిచ్చి గారూ, మీ అత్తగారి మాటే సగం రైటు, లావెండర్ ఒక్కదానికి చోటడగండి. ఫ్రిజ్ చేసేది ఒక్కటే, గింజకు చలికాలం దాటిపోయిందన్న నమ్మకం కలిగించడం. శంఖుపుష్పానికి, అడీనియానికి చలికాలంతో పనేం లేదు, అవి వేడి ప్రాంతాల మొక్కలు, తడి టిష్యూలో చల్లగా పెడితే బూజు పట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

మాకిక్కడ మోనార్క్ సీతాకోకచిలుకల కోసం చాలామంది పెరట్లో మిల్క్‌వీడ్ వేస్తారు. మన జిల్లేడు కుటుంబమే, ఆకు తుంచితే అవే పాలు. దాని గింజ చలికి ముందు రాలి, మంచు కింద నెలల తరబడి తడిగా ఉండి, ఎండలు మొదలయ్యాక లేస్తుంది. ఫ్రిజ్‌లో అదే జరిపించాలంటే తడి ఇసుకలో కలిపి 4, 5 డిగ్రీల దగ్గర కనీసం నెల రోజులు ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. చాలామంది కొన్న ప్యాకెట్‌ను అలాగే ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించాం అనుకుంటారు. పొడి గింజకు అది నిల్వ కిందే లెక్క. గింజ నీళ్లు తాగి ఉండాలి, అప్పుడే చలి దానికి తెలుస్తుంది. నేనైతే ఫ్రిజ్ జంజాటం కూడా పెట్టుకోను. ఖాళీ పాల క్యాన్‌ను నడుముకు కోసి, అడుగున బెజ్జాలు పెట్టి, మట్టి నింపి గింజలు చల్లి, మళ్లీ టేప్ అంటించి మూత తీసేసి జనవరిలో మంచులో వదిలేస్తాను. వాన, మంచు ఆ మూతి నుంచే పడతాయి. ఎప్పుడు లేవాలో ఆ గింజలకే తెలుసు.

బ్లూబానెట్_డల్లాస్:
మాకు అంత మంచు లేదు గానీ మాది అచ్చంగా మీ తంగేడు కథే. టెక్సాస్ వాళ్ల రాష్ట్ర పుష్పం బ్లూబానెట్, 1901లోనే ప్రకటించారు. అదీ కాయజాతే, తొక్క అంతే మొండి. మార్చి, ఏప్రిల్‌లో హైవేల పక్కన నీలంగా పరుచుకున్నది చూసి పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసి, ఆ ఊపులో గింజలు కొని వెంటనే చల్లేస్తారు మనవాళ్లు. విత్తాల్సిందేమో సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య. ఇక్కడ తొక్క గీరిన గింజలు విడిగా అమ్ముతారు, ప్యాకెట్ మీద చూసుకోవాలి. నేను సగం గీరినవి, సగం గీరనివి కలిపి వేస్తాను. గీరినవన్నీ ఒక్కసారే లేచి నత్తల పాలైనా మట్టిలో ఇంకా కొన్ని మిగిలుంటాయి.

మిద్దెతోట_ఉప్పల్:
అయితే ఇక్కడా అక్కడా రాష్ట్ర పుష్పాలు మొండివే అన్నమాట. సగం గింజలు నెయిల్ కట్టర్‌కి, సగం వేడినీళ్లకి పంచాను. బెజ్జాలున్న కాయలు నిజంగానే చాలా ఉన్నాయి, ఒలుస్తుంటే చేతిలో పొడి రాలుతోంది. రేపు చెబుతా.

పెటునియా_బాధితుడు:
నా గోల వేరు. పెటునియా గింజలు మట్టిలో వేసి, మీద వేలెడు మందాన కొబ్బరి పొట్టు కప్పా, మొలకే లేదు. ఇంకో ట్రేలో ఊరికే చల్లినవి మొలిచాయి గానీ రెండాకులు రాగానే గుంపులుగా పడిపోతున్నాయి. గింజ తప్పా, నా తప్పా?

నర్సరీ_కడియం:
రెండూ వేర్వేరు సమస్యలండి. పెటునియా గింజ ధూళి లాంటిది, గ్రాముకు సుమారు 10,000 తూగుతాయి. అంత గింజలో బలం ఎంతుంటుంది, వేలెడు పొట్టు తోసుకుని పైకి రాలేదు. పైగా దానికి మొలవడానికి వెలుతురు కావాలి. తడిపిన పొట్టు మీద ఊరికే వాలినట్టు వెయ్యాలి, మీద ఏమీ కప్పకూడదు. అగ్గిపుల్ల కొస తడిపి గింజను దానికి అంటించుకుని ఒక్కోటి పెడితే ఒత్తుగా పడవు. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి, ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి. ఈ ఎండల్లో కాకుండా అక్టోబరులో మొదలెట్టండి, 20 నుంచి 25 డిగ్రీలు దానికి హాయి.

పడిపోతున్నాయన్నారు, దాన్ని నారుకుళ్లు అంటారండి. మట్టిని ఆనుకుని ఉన్న చోట కాడ గోధుమ రంగుకి తిరిగి దారంలా సన్నబడుతుంది, పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, మొక్క మాత్రం పక్కకి ఒరిగిపోతుంది. ఒకచోట మొదలై రాత్రికి రాత్రి చుట్టూ పాకుతుంది. ఒత్తుగా వెయ్యడం, ట్రే మీద మూత తియ్యకపోవడం, రోజంతా చిత్తడిగా ఉంచడం, ఇవే కారణాలు. పడిపోయిన చోటి మట్టితో సహా తీసేసి, మిగతాదాన్ని లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి తడపండి. తర్వాత గాలి ఆడనివ్వండి. ముందే జాగ్రత్త పడాలంటే విత్తే ముందు పొట్టులో ట్రైకోడెర్మా, అంటే తెగులు బూజును అణిచే మంచి బూజు, కలుపుకోవచ్చు.

కుర్రతోటమాలి:
ఎరువుల షాపాయన జిబ్బరెల్లిక్ యాసిడ్ అని ఓ సీసా ఇచ్చాడు. ఇది వేస్తే ఎంత మొండి గింజైనా లేస్తుందంటున్నాడు. ఇది కూడా యాసిడేనా, కళ్లు పోతాయా?

ల్యాబ్_కోటు:
పేరులో యాసిడ్ ఉంది గానీ ఇది మొక్కల్లో సహజంగా ఉండే హార్మోన్, ఆ భయం అక్కర్లేదు. జపాన్‌లో వరి పైరు పాలిపోయి పొడుగ్గా సాగి పడిపోయే తెగులు ఒకటుంది. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ తెగులు బూజు పెరిగిన ద్రవం పోసినా పైరు అలాగే సాగుతుందని చూపించాడు, దాని వెంటే ఈ హార్మోన్ బయటపడింది. గింజ నిద్ర లేవడానికి ఇది పనికొచ్చే మాట నిజమే. అయితే సీసా మీద శాతం చూశావా? 0.001 శాతం అని ఉంటే అది పది లక్షల పాళ్లకు 10 పాళ్లు. నిద్ర వదిలించడానికి మామూలుగా వాడేది వందల్లో ఉంటుంది. ఆ సీసాలోంచి కొన్ని చుక్కలు లీటరు నీళ్లలో కలిపితే గింజకు అందేది మంచినీళ్లే. పొడి రూపంలో దొరికేది ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించి తర్వాత నీళ్లలో కలపాలి, ఒక గ్రాము అసలు పదార్థం లీటరులో కలిస్తే 1000 పాళ్లు అని లెక్క. మోతాదు మీరితే మొలకలు తెల్లగా సాగి తల వాలుస్తాయి. ఇక తొక్క గట్టి గింజలకు ఇది దండగ, నీళ్లే దూరని చోట హార్మోన్ ఎలా దూరుతుంది?

లంకమట్టి:
ఇంతసేపూ ఎండిన గింజల గురించే మాట్లాడారు, సంపెంగది తిరగేసిన కథ. దాన్ని ఎండబెడితేనే చస్తుంది. కాయ పగిలి ఎర్రటి గుజ్జుతో గింజ వేలాడుతుంది, కాకులూ గోరింకలూ వాటి మీదే ఉంటాయి. మనకి అందినవి అందినట్టే తెచ్చి, ఆ ఎర్ర గుజ్జును ఇసుకలోనో బూడిదలోనో వేసి చేత్తో రుద్ది పూర్తిగా వదిలించాలి. ఆ గుజ్జు ఉంటే మొలకను ఆపుతుంది, చీమల్ని కూడా పిలుస్తుంది. నల్లటి గింజ బయటపడ్డాక కడిగి, నీడలో తడి ఆరగానే ఇసుక మట్టిలో వేసెయ్యాలి. ఆ తర్వాత కావాల్సిందల్లా ఓపిక. నెలా పడుతుంది, మూడు నెలలూ పడుతుంది, రోజూ తవ్వి చూసేవాళ్లకి సంపెంగ అచ్చిరాదు. ఇంటర్నెట్‌లో ప్యాకెట్లలో అమ్మే సంపెంగ గింజలు, ఎండి గలగలమనేవి, కొనకండి. ఎంత ఖరీదైనా అవి చాలావరకు చచ్చిన గింజలే.

పూలపిచ్చి:
ప్యాకెట్ల మాటొచ్చింది కాబట్టి, నీలి గులాబీ గింజలు, ఏడు రంగుల గులాబీ గింజలు అని ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు, అందులో నిజముందా?

ల్యాబ్_కోటు:
ఫొటోలో రంగు కంప్యూటర్‌లో వేసింది. గులాబీలు నచ్చిన రకం కావాలంటే కొమ్మ అంటో కన్ను అంటో కట్టాల్సిందే, గింజ నుంచి తల్లి మొక్క గుణాలు అచ్చంగా రావు. ఆ డబ్బుతో మంచి అంటు మొక్క వస్తుంది.

తామరకుంట:
నేనూ ఒకటి అడుగుతా. పూజ సామాన్ల కొట్లో తామర గింజల మాల కొని ఒక్కోటి విడదీసి నానబెట్టా, మొలవలేదు. మఖానా వేసి చూడమన్నాడు కొట్టాయన.

చెలకగట్టు:
మఖానా తామర గింజే కాదు, వేరే నీటి మొక్కది, పైగా వేయించి పేల్చింది. అది తినండి.

లంకమట్టి:
మాల గింజలకు దారం కోసం నడిమధ్య బెజ్జం వేస్తారు కదండి, మధ్యలో ఉండేదే పచ్చటి మొలక, మర అక్కడి నుంచే పోయింది. పచారీ కొట్లో బెజ్జం వెయ్యని నల్లటి గింజలు అడగండి. నలుపుకు దగ్గరగా ముదురు గోధుమ రంగులో రాయిలా ఉంటాయి. మొన లేని వైపు గుంట ఉంటుంది, అటు గరుకు గచ్చు మీద రుద్దండి. నల్లతొక్క పోయి మీగడ రంగు కనిపించగానే ఆపాలి. గాజు గ్లాసులో ఎండ తగిలే చోట పెట్టి రోజూ నీళ్లు మార్చండి. మార్చకపోతే నీళ్లు పాలలా అయ్యి వాసనొస్తాయి. వేసవిలో అయితే వారంలోపే పచ్చటి కొక్కెం బయటికొస్తుంది. మొలకెత్తడం తేలికే, పూలకి మాత్రం ఏడాది పైనే చూడాలి, ఏ రంగు పూస్తుందో కూడా చెప్పలేం.

ల్యాబ్_కోటు:
ఆ తొక్క ఎంత గట్టిదంటే, చైనాలో ఒక ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1,300 ఏళ్ల నాటిదని తేలింది, దాన్ని అమెరికాలో మొలిపించారు. 1995లో ఆ పరిశోధన అచ్చయింది. అక్కడా ముందు తొక్కను గీరాల్సే వచ్చింది.

మిద్దెతోట_ఉప్పల్:
నెయిల్ కట్టర్ పెట్టినవి దాదాపు అన్నీ ఉబ్బాయి! వేడినీళ్లవి కొన్ని ఉబ్బాయి, మిగతావి గిన్నెలో ఇంకా టకటకమంటున్నాయి, వాటికి మళ్లీ పోశాను. ఉబ్బినవి నారు ట్రేలో వేసి తర్వాత డ్రమ్ముల్లోకి మార్చనా? ఈ బతుకమ్మకే పూలు అందుతాయా?

చెలకగట్టు:
ట్రే వద్దక్కా. తంగేడు తల్లివేరు మొదట్లోనే లోతుకు దిగుతుంది, మార్చేటప్పుడు అది తెగితే మొక్క ముడుచుకుపోతుంది. పొడుగు పాలిథిన్ కవర్లో ఒక్కో గింజ వేసి, జానెడు ఎదిగాక వేరు కదలకుండా కవర్ కోసి డ్రమ్ములో దించండి, లేదంటే నేరుగా డ్రమ్ములోనే వెయ్యండి. మట్టిలో ఇసుక ఎక్కువ, ఎరువు తక్కువ ఉండాలి, వేరు దగ్గర నీళ్లు నిలిస్తే దానికి పడదు. పూల సంగతంటారా, ఈ ఏటికి ఆశ పెట్టుకోవద్దు. గునుగు, బంతి మీ మిద్దె మీదివే పేర్చండి, తంగేడు ఇంకోసారి బేరమాడక తప్పదు.

పూలపిచ్చి:
నా అడీనియం గింజలకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఫ్రిజ్ వద్దన్నారు, కట్టర్ వాడాలా?

నర్సరీ_కడియం:
ఏమీ వద్దండి. రెండు కొసల్లో ఉన్న దూది పీకేసి, సన్నపుల్ల ముక్కలా ఉన్న గింజను ఇసుక కలిపిన పొట్టు మీద పడుకోబెట్టి, కనీకనిపించకుండా కప్పండి. గింజ కొత్తదైతే వారం పది రోజుల్లో లేస్తుంది. కాయ ఎప్పుడు కోశారో అమ్మినాయన్ని అడిగారా?